విశాఖలో ఆఫీసు ఫోన్ సర్వర్: ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలి, ఎలా ఇన్‌స్టాల్ చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో చిన్నా పెద్దా ఆఫీసులకు ఫోన్ సిస్టమ్‌లు పెట్టడం, పాడైతే బాగుచేయడం నా పని. డాబాగార్డెన్స్‌లో మూడు టేబుళ్ల ట్రావెల్స్ ఆఫీసు కానీ, ఆటోనగర్‌లో నలభై ఎక్స్‌టెన్షన్ల వర్క్‌షాపు కానీ, మొదటిరోజు అడిగే ప్రశ్నలు దాదాపు అవే. వాటికి నేను ఫోన్లో చెప్పే జవాబులే ఇక్కడ రాశాను. ఫోన్ల మోడళ్ల గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి వేసేయండి" అంటారు. ఫోన్ పాడైతే ఒక టేబుల్ ఆగుతుంది. కింద వేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌కి కాలం చెల్లితే ఆఫీసు మొత్తం ఇరుకున పడుతుంది. ఎంత చిన్న ఆఫీసైనా ముందు దీని గురించే మాట్లాడదామని నేను పట్టుబట్టేది అందుకే.

గోడకున్న ఈపీఏబీఎక్స్ డబ్బా చాలదా? ఫోన్ సర్వర్ అంటే ఏమిటసలు?

చాలితే మార్చకండి. ఒకే అంతస్తు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు, రెండు ల్యాండ్‌లైన్లు, రికార్డింగ్ అవసరం లేదు అంటే ఆ డబ్బానే ఉంచుకోండి, డబ్బు మిగులుతుంది.

ఆ డబ్బా పని ఆఫీసులోని ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతో కలపడం. అదే పనిని మామూలు కంప్యూటర్ మీద సాఫ్ట్‌వేర్‌తో చేయిస్తే అది ఫోన్ సర్వర్. ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్. 1999లో మార్క్ స్పెన్సర్ అనే యువకుడు తన చిన్న కంపెనీకి ఈపీఏబీఎక్స్ కొనే స్తోమత లేక సొంతంగా రాసుకున్నది అది. ఆస్టరిస్క్ సెట్టింగులన్నీ టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. వాటిని బ్రౌజర్‌లో బొమ్మలు, మెనూలతో మార్చుకునేలా చేసేది ఫ్రీపీబీఎక్స్. గాజువాకలో షాపు, పరవాడలో గోడౌను, ఓనరుగారి మొబైలు మూడూ ఒకే ఇంటర్‌కమ్‌లా మోగాలన్నా, "అమ్మకాలకు ఒకటి నొక్కండి" అని తెలుగులో పలకాలన్నా, ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో నెలాఖరున లెక్క చూడాలన్నా ఈ దారికి రావాలి.

చుట్టూ తిప్పకుండా చెప్పండి, ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, 64 బిట్, డెస్క్‌టాప్ లేకుండా. దాని మీద ఫ్రీపీబీఎక్స్ 17.

ఫ్రీపీబీఎక్స్ 16ని దాని తయారీదారులు సెంటోస్ 7 అనే మరో లినక్స్ పునాదిగా కట్టిన సొంత లినక్స్‌తో ఇచ్చేవారు. 2024లో వచ్చిన 17తో డెబియన్ 12కి మారారు. అంటే రోజూ వాళ్లు పరీక్షించేది, తప్పులు దిద్దేది డెబియన్ 12 మీదే. వాళ్లు ఏ నేల మీద నిలబడి పరీక్షిస్తున్నారో మనమూ ఆ నేల మీదే ఉంటే, సగం సమస్యలు మన ఆఫీసు దాకా రాకముందే వాళ్ల దగ్గర బయటపడతాయి.

రెండో కారణం తేదీలు. ఏ సిస్టమ్ పేరు విన్నా నేను మొదట అడిగేది "ఇది ఎప్పటిదాకా?" అని. డెబియన్ 12 విడుదలైంది 2023 జూన్‌లో. దీర్ఘకాల మద్దతు కింద సెక్యూరిటీ అప్‌డేట్లు 2028 జూన్ దాకా వస్తాయి. దాని మీద వేసే ఆస్టరిస్క్‌కి కూడా తేదీ ఉంటుంది. సరిసంఖ్య వెర్షన్లు ఎక్కువకాలం నిలిచేవి. ఆస్టరిస్క్ 20కి సెక్యూరిటీ మద్దతు 2027 అక్టోబరుతో ముగుస్తుంది, 22కి 2029 అక్టోబరు దాకా ఉంటుంది. కాబట్టి ఇప్పుడు కొత్తగా వేస్తుంటే 22 ఎంచుకోండి. డెబియన్‌దీ ఆస్టరిస్క్‌దీ, ఈ రెండు తేదీలూ సర్వర్ డబ్బా మీద స్టిక్కర్‌గా అతికిస్తాను. నా తర్వాత ఎవరు వచ్చినా కళ్లకు కనబడాలి.

మాది సెంటోస్ 7 మీద ఐదేళ్లుగా చక్కగా నడుస్తోంది. కదిలించడం ఎందుకు?

ఇది మీ మీద కోపంతో చెప్పడం లేదు, భయంతో చెబుతున్నాను. సెంటోస్ 7కి మద్దతు 2024 జూన్ 30న ఆగిపోయింది. ఆ తర్వాత బయటపడిన ఏ లోపమైనా మీ సర్వర్‌లో అలాగే ఉండిపోతుంది. బయటికి తెరిచి లేని సర్వర్ అయితే ప్రమాదం తక్కువే, కానీ చాలా ఆఫీసుల్లో ఓనరుగారు ఇంటి నుంచి చూడాలని ఎవరో ఎప్పుడో ఒక పోర్టు, అంటే బయటినుంచి సర్వర్‌లోకి వచ్చే దారి, తెరిచి ఉంచుతారు. ఆ సంగతి ఓనరుగారికే గుర్తుండదు.

సెంటోస్ 8కి మారినవాళ్ల పరిస్థితి ఇంకా ఇబ్బంది. 2029 దాకా ఉంటుందని మొదట చెప్పిన మద్దతును 2021 డిసెంబరు 31తో ముగిస్తామని 2020 డిసెంబరులో ప్రకటించారు. ఏడాది గడువు. అప్పుడే కొత్తగా సెంటోస్ 8 వేసిచ్చిన రెండు ఆఫీసులకు నేను మళ్లీ వెళ్లి, మళ్లీ మొదట్నుంచీ చేసి ఇచ్చాను. పేరు కాకుండా తేదీ చూడటం నాకు అప్పుడే అలవాటైంది.

ఇంకో విషయం. పాత సర్వర్‌ని ఉన్నచోటే 17కి అప్‌గ్రేడ్ చేసే దారి లేదు, ఎందుకంటే కింద ఆపరేటింగ్ సిస్టమే వేరు. కొత్త మెషీన్ మీద కొత్తగా వేసి, పాతదాని బ్యాకప్‌ని అందులోకి దించాలి. పాత ఎక్స్‌టెన్షన్లు చాన్‌సిప్ అనే పాత డ్రైవర్ మీద ఉంటే దాని స్థానంలో వచ్చిన పీజేసిప్‌కి మార్చుకోవాలి. ఆస్టరిస్క్ 21 నుంచి చాన్‌సిప్‌ని పూర్తిగా తీసేశారు. ఈ మార్పు పాత సర్వర్ మీదే ముందుగా చేసి, ఒక వారం నడిపి చూసి, ఆ తర్వాత బ్యాకప్ తీయండి. రెండు మార్పులూ ఒకే రాత్రి పెట్టుకుంటే ఏ తప్పు దేనివల్లో తేల్చుకోవడానికి తెల్లారిపోతుంది.

డెబియన్ 13 వచ్చేసింది కదా, కొత్తదే వేయొచ్చుగా?

2025 ఆగస్టులో వచ్చింది, మంచి విడుదలే. కానీ ఫ్రీపీబీఎక్స్ 17 కట్టింది డెబియన్ 12 కోసం. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద 13 వేసుకోండి, ఫోన్ సర్వర్ మీద 12 ఉంచండి. కొత్త వింత, పాత రోత అనే గుణం ఈ పనిలో పనికిరాదు.

ఉబుంటు? అల్మా? రాకీ?

బొమ్మలు, మెనూలు అక్కర్లేదు, ఆస్టరిస్క్ ఫైళ్లను నేనే రాసుకుంటాను అనేవారికి ఈ మూడు లినక్స్‌లూ బాగానే పనికొస్తాయి. ఉబుంటు 24.04కి మామూలు మద్దతు 2029 దాకా ఉంది. అల్మాలినక్స్ 9, రాకీ లినక్స్ 9 అయితే 2032 దాకా వస్తాయి. రుషికొండ, మధురవాడ వైపు ఐటీ ఆఫీసుల్లో రెడ్‌హ్యాట్ లినక్స్ (అల్మా, రాకీ దాని తరహావే) తెలిసిన కుర్రాళ్లు ఉంటారు. అలాంటిచోట నేనే అల్మా లేదా రాకీ సూచిస్తాను, ఎందుకంటే రేపు దాన్ని చూసుకునేది వాళ్లు. ఫ్రీపీబీఎక్స్ కావాలంటే మాత్రం మళ్లీ డెబియన్ 12 దగ్గరికే రావాలి.

టాలీ నడిచే విండోస్ కంప్యూటర్‌లోనే వేసేస్తే పోదా?

దయచేసి వద్దు. ఈ ప్రశ్న నెలకొకసారైనా వస్తుంది, ప్రతిసారీ ఓపిగ్గా ఇదే చెబుతాను.

ఆస్టరిస్క్ నేరుగా విండోస్ మీద నడవదు. ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌ని విండోస్‌లో వేసి, అందులో లినక్స్ వేసి నడపొచ్చు, నేర్చుకోవడానికి అదే మంచి పద్ధతి కూడా. కానీ అకౌంటెంట్ సాయంత్రం ఆరుకి కంప్యూటర్ ఆపి ఇంటికి వెళ్తారు. విండోస్ అప్‌డేట్ పడి మధ్యాహ్నం రీస్టార్ట్ అవుతుంది. పెన్‌డ్రైవ్‌లోంచి వైరస్ వస్తే లెక్కలూ ఫోన్లూ ఒకేసారి పోతాయి. మాట ఇరవై మిల్లీసెకన్లకొక ముక్కగా వెళ్తుంది. పెద్ద రిపోర్ట్ తీసే సమయంలో ప్రాసెసర్ ఊపిరాడక ఒక్క క్షణం ఆగినా అవతలివాళ్లకు మాట తెగి వినిపిస్తుంది.

త్రీసీఎక్స్ లాంటి లైసెన్సు ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీదా డెబియన్ మీదా నడుస్తాయి. ఏటా లైసెన్సు కట్టడానికి ఇబ్బంది లేకపోతే అదీ మంచి దారే, కానీ అక్కడ కూడా దానికంటూ విడి మెషీన్ పెట్టండి.

ఇన్‌స్టాల్ చేసే పద్ధతులు ఐదారు కనిపిస్తున్నాయి. ఏది ఎప్పుడు?

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది రెడీమేడ్ ఐఎస్‌ఓ. ఆపరేటింగ్ సిస్టమ్, ఆస్టరిస్క్, ఫ్రీపీబీఎక్స్ అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి బూట్ చేస్తే చాలావరకు దానంతట అదే పూర్తిచేస్తుంది. లినక్స్ కొత్త అయినవాళ్లకు ఇదే సులువు. జాగ్రత్త ఒక్కటే: డిస్కులో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఎంవీపీ కాలనీలో ఒక ఆఫీసులో "ఖాళీ డిస్కే" అని చెప్పిన మెషీన్‌లో పాత బిల్లుల ఫోల్డర్ ఉంది. అదృష్టం, ఆ రోజు నేను డిస్కు తెరిచి చూశాకే మొదలుపెట్టాను. అప్పటినుంచి ఏ డిస్కునీ ఎవరి మాట మీదా ఖాళీ అనుకోవడం లేదు.

రెండోది స్క్రిప్ట్. నేను ఎక్కువగా వాడేది ఇదే. ముందు డెబియన్ 12ని మన ఇష్టప్రకారం వేసుకుంటాం, తర్వాత ఫ్రీపీబీఎక్స్ వాళ్ల అధికారిక స్క్రిప్ట్‌ని రూట్‌గా, అంటే పూర్తి అధికారాలున్న యూజర్‌గా, నడిపిస్తాం. మిగతా ప్యాకేజీలన్నీ అదే దించుకుంటుంది. నెట్ వేగాన్ని బట్టి అరగంటో గంటో పడుతుంది. ఐఎస్‌ఓ కంటే ఇది నాకు ఎందుకు ఇష్టమంటే డిస్కు విభజన నా చేతిలో ఉంటుంది. రెండు డిస్కులు పెట్టి ఒకదానికొకటి అద్దంలా ఉండే రెయిడ్ 1 చేసుకోవచ్చు, రికార్డింగులకు విడి పార్టిషన్ ఇవ్వొచ్చు. ఒక్క నియమం గట్టిగా పాటించండి: ఆ డెబియన్ తాజాగా వేసినదై ఉండాలి. అప్పటికే వెబ్‌సైటో ఫైల్ సర్వరో నడుస్తున్న మెషీన్ మీద ఈ స్క్రిప్ట్ నడిపితే రెండూ కొట్టుకుంటాయి.

మూడోది ప్యాకేజీ. ఉబుంటులో ఆస్టరిస్క్ ప్యాకేజీ దొరుకుతుంది. డెబియన్ 12లో దొరకదు, ఆ విడుదలలో ఆస్టరిస్క్‌ని చేర్చలేదు. ఇది తెలియక ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టి "ప్యాకేజీ దొరకలేదు" అని చూసి, నెట్ పాడైందనుకుని రౌటర్ మార్చేదాకా వెళ్లినవాళ్లను చూశాను.

నాలుగోది సోర్స్ నుంచి కట్టుకోవడం. ఆస్టరిస్క్ సోర్స్ ఫైల్ దించి, అవసరమైన లైబ్రరీలను తెచ్చే చిన్న స్క్రిప్ట్ అందులోనే ఉంటుంది కాబట్టి దాన్ని నడిపి, కాన్ఫిగర్, మెనూసెలెక్ట్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ వరసగా చేయాలి. మెనూసెలెక్ట్‌లో ఏ మాడ్యూల్ కావాలో, ఏది వద్దో మనమే టిక్ పెడతాం. వంట మొత్తం ఇంట్లోనే చేసుకున్నట్టు: ఏం వేశామో పూర్తిగా మనకు తెలుసు, గిన్నెలు కడుక్కోవలసిందీ మనమే. ప్రతి సెక్యూరిటీ విడుదలకీ మళ్లీ కట్టాలి. ఆ క్రమశిక్షణ ఉంటేనే ఈ దారి. ఒకటి రెండుసార్లు ఇలా చేసి చూస్తే మాత్రం ఫోన్ సర్వర్ లోపల ఏముందో అర్థమవుతుంది, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లందరితో మొదటి వారం ఇదే చేయిస్తాను.

ఐదోది డాకర్, అంటే సాఫ్ట్‌వేర్‌ని దానికంటూ ఒక విడి పెట్టెలో పెట్టినట్టు నడిపే పద్ధతి. వెబ్ పనుల్లో డాకర్ చక్కటిది. ఫోన్ల దగ్గర చిక్కేమిటంటే, మాట ప్రవహించే ఆర్‌టీపీ పోర్టులు మామూలుగా 10000 నుంచి 20000 దాకా ఉంటాయి. పదివేల పోర్టుల్ని డాకర్ ద్వారా ఒక్కొక్కటిగా బయటికి తెరిస్తే మెషీన్ మూలుగుతుంది. హోస్ట్ నెట్‌వర్క్ పద్ధతిలో పెడితే నడుస్తుంది, అప్పుడు డాకర్ వల్ల వచ్చే లాభం సగం తగ్గిపోతుంది. డాకర్ బాగా తెలిసిన మనిషి ఆఫీసులో ఉంటే సరే, లేకపోతే ఈ దారి పట్టకండి.

డెబియన్ వేసేటప్పుడు ఏ టిక్కులు పెట్టాలి?

సాఫ్ట్‌వేర్ ఎంపిక తెర వచ్చినప్పుడు రెండే టిక్కులు: ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, స్టాండర్డ్ సిస్టమ్ యుటిలిటీస్. డెస్క్‌టాప్, గ్నోమ్ టిక్కులు తీసేయండి. బొమ్మల తెర ఉంటే ఎవరో ఒకరు దాని మీద యూట్యూబ్ చూస్తారు.

టైమ్ జోన్ ఆసియా/కోల్‌కతా. ఇది తప్పితే ఆఫీసు వేళల మెనూ తలకిందులవుతుంది. పొద్దున పదకొండుకి ఫోన్ చేసినవాళ్లకి "ఆఫీసు మూసి ఉంది" అని పలుకుతుంది. సర్వర్‌కి స్థిరమైన ఐపీ ఇవ్వండి. నెట్‌వర్క్ మీద కాల్స్‌ని కలిపే పద్ధతి పేరు సిప్. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. సాయం చేద్దామని కాల్ సమాచారాన్ని మధ్యలో మార్చి, ఒకవైపు మాట వినబడకుండా చేసేది చాలాసార్లు అదే.

మెషీన్ ఆన్ కాగానే తెరుచుకునే బయాస్ సెట్టింగుల్లో ఇంకొకటి: కరెంటు పోయి వచ్చాక మెషీన్ దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్. దాన్ని మార్చకపోతే ఆదివారం రాత్రి కరెంటు పోయిన ఆఫీసులో సోమవారం పొద్దున ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా ఫోన్లు మూగబోతాయి.

వర్చువల్ మెషీన్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పెట్టమనే చెబుతాను. మంచి సర్వర్ ఉన్న ఆఫీసులో, ఒకే మెషీన్ మీద చాలా వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ వేసి, అందులో ఒక వర్చువల్ మెషీన్‌గా డెబియన్ 12 పెడతాను. అప్‌డేట్‌కి ముందు స్నాప్‌షాట్ (ఉన్నది ఉన్నట్టు నకలు) తీస్తే, ఏదైనా తేడా వచ్చినా రెండు నిమిషాల్లో వెనక్కి రావచ్చు. మెషీన్ చెడిపోతే బ్యాకప్‌ని ఇంకో మెషీన్ మీద లేపొచ్చు. ఫోన్ సర్వర్‌కి ప్రాసెసర్ వాటా గట్టిగా కేటాయించండి, మిగతా వర్చువల్ మెషీన్లు దాన్ని లాక్కోకూడదు. ఫోన్ కార్డు లోపల బిగించే సెటప్ అయితే ఈ దారి కష్టం.

రాస్‌ప్‌బెర్రీ పై చాలదా? చవక కదా.

ఆ చిన్న బోర్డు కంప్యూటర్ ఇంటికీ, నేర్చుకోవడానికీ చాలు. ఆఫీసుకి నేను పెట్టను. ఫ్రీపీబీఎక్స్ 17 అధికారిక స్క్రిప్ట్ ఇంటెల్, ఏఎమ్‌డీ తరహా 64 బిట్ మెషీన్ల కోసమే. పైగా మెమరీ కార్డు మీద రోజూ లాగులు, రికార్డింగులు రాస్తూపోతే కార్డు చెప్పాపెట్టకుండా పోతుంది. వాడేసిన మంచి మినీ పీసీ ఒకటి కొనండి, ధర తేడా పెద్దగా ఉండదు.

మా దగ్గర పాత ల్యాండ్‌లైన్లూ, పీఆర్‌ఐ లైనూ ఉన్నాయి. వాటివల్ల ఎంపిక మారుతుందా?

మారుతుంది. పీఆర్‌ఐ అంటే మన దేశంలో ఒక తీగ మీద ముప్పై కాల్స్ మోసే ఈ1 లైను. దాన్ని సర్వర్‌లో కార్డు బిగించి కలపొచ్చు. అప్పుడు డాహ్డీ అనే డ్రైవర్ కావాలి, అది కర్నెల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకి, అతుక్కుని పనిచేస్తుంది. కర్నెల్ అప్‌డేట్ అయినప్పుడల్లా దాన్ని మళ్లీ కట్టాలి. నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే ఎక్కనిచ్చే సెక్యూర్ బూట్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని ఆ మాడ్యూల్‌ని ఎక్కనివ్వదు. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో ఎవరో మంచి ఉద్దేశంతో అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేశారు, ముప్పై లైన్లూ ఒకేసారి పోయాయి. ఓడ రేవులో నిలబడి ఉంది, కస్టమ్స్ వాళ్లకి ఫోన్ చేయాలి, ఫోన్లు లేవు. ఆ రోజు వాళ్ల ముఖాలు నాకింకా గుర్తే.

అందుకే కార్డు వద్దు, గేట్‌వే పెట్టండి. ల్యాండ్‌లైన్‌నో పీఆర్‌ఐనో ఒక వైపు తీసుకుని రెండో వైపు నెట్‌వర్క్ తీగతో సిప్‌గా ఇచ్చే చిన్న పెట్టె అది. అప్పుడు సర్వర్‌లో ప్రత్యేకమైన డ్రైవర్ ఏదీ ఉండదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ని నిశ్చింతగా అప్‌డేట్ చేసుకోవచ్చు, వర్చువల్ మెషీన్‌గానూ పెట్టుకోవచ్చు. కొత్తగా లైన్లు తీసుకునేవాళ్లు నేరుగా సిప్ ట్రంకే, అంటే నెట్‌వర్క్ తీగ మీద సిప్‌గా వచ్చే లైన్లే, అడగండి. 0891తో మొదలయ్యే నంబర్లు దాని మీదా వస్తాయి.

ట్రంక్ మాత్రం లైసెన్సు ఉన్న ఆపరేటర్ దగ్గరే తీసుకోండి. విదేశీ కాల్స్‌ని ఇంటర్నెట్‌లో తెచ్చి లోకల్ సిమ్‌ల మీదుగా వదిలే పెట్టెలు చవగ్గా వస్తున్నాయని ఎవరైనా చెబితే ఆ మాట వినకండి. అది చట్టవిరుద్ధం, పోలీసు కేసులవుతాయి.

క్లౌడ్‌లో పెడితే మెషీన్ గొడవే ఉండదు కదా?

అందరూ ఇళ్ల నుంచి పనిచేసే ఆఫీసైతే క్లౌడ్ బాగుంటుంది. నాలుగు గోడల ఆఫీసుకి రెండు చిక్కులు. మన దగ్గర ఆపరేటర్లు సిప్ ట్రంక్‌ని ఎక్కువగా తమ ఫైబర్ మీద, తమ ప్రైవేట్ ఐపీతో, మీ ఆఫీసు దాకా తెచ్చి ఇస్తారు. ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న క్లౌడ్ మెషీన్‌కి అది అందదు. రెండోది, రోడ్డు తవ్వకాల్లో ఫైబర్ తెగితే పక్క గదికి ఇంటర్‌కమ్ కూడా మోగదు.

నెట్ వేగం గురించి మాత్రం భయం అక్కర్లేదు. మాటను డేటాగా మార్చే జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కి ఒక్కో వైపు సుమారు 87 కిలోబిట్లు చాలు. పది కాల్స్ కలిపినా ఒక మెగాబిట్ లోపే.

మెషీన్ ఎంత పెద్దది కావాలి?

నలభై ఎక్స్‌టెన్షన్లకి రెండు కోర్లు, నాలుగు జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. అంతే. డబ్బు డిస్కు మీద పెట్టండి, ముఖ్యంగా రికార్డింగ్ ఉంటే. మామూలు వేవ్ ఫార్మాట్‌లో సెకనుకి 16,000 బైట్లు, అంటే గంటకి సుమారు 58 ఎంబీ. రోజుకి అన్ని లైన్లూ కలిపి 40 గంటల మాట రికార్డయితే 2.3 జీబీ. నెలకి 26 పనిదినాలు అనుకుంటే 60 జీబీ. 500 జీబీ డిస్కు ఎనిమిది నెలల్లో నిండిపోతుంది, నిండిన రోజు డేటాబేస్ ఆగుతుంది, దాంతో మిగతావీ ఆగుతాయి. మహారాణిపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. వైరస్ అనుకుని నన్ను పిలిచారు. అందుకే రికార్డింగులకు విడి పార్టిషన్, తొంభై రోజులు దాటినవాటిని తీసేసే ఏర్పాటు మొదటిరోజే పెడతాను. రోగుల మాటలు, కస్టమర్ల మాటలు మన దగ్గర ఎంత తక్కువకాలం ఉంటే అంత మంచిది. కాల్ రికార్డవుతోందని మొదట్లోనే వాళ్లకు వినిపించడం మన బాధ్యత.

సముద్రపు గాలి, కరెంటు, తుఫాను: వీటికేం చేయాలి?

బీచ్ రోడ్డుకి దగ్గరి ఆఫీసుల్లో నెట్‌వర్క్ తీగల కొనలు పచ్చబారడం, స్విచ్ పోర్టులు తుప్పుపట్టడం ఏటా చూస్తాను. సర్వర్‌ని కిటికీ పక్కన పెట్టకండి, ఏసీ నీళ్లు కారే గొట్టం కింద అస్సలు పెట్టకండి.

యూపీఎస్ విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. సర్వర్‌కి ఇస్తారు, ఫోన్లకి కరెంటిచ్చే పీఓఈ స్విచ్‌కి ఇవ్వరు. కరెంటు పోగానే సర్వర్ చక్కగా నడుస్తూ ఉంటుంది, మోగడానికి ఒక్క ఫోనూ ఉండదు. సర్వర్, స్విచ్, రౌటర్, ఫైబర్ పెట్టె నాలుగూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేక ఎలా ఉందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ స్థాయి తుఫానుకి ఏ యూపీఎస్సూ ఆగదు. అప్పుడు అక్కరకొచ్చేది ఊరి బయట ఉన్న బ్యాకప్, ఇంకా ఆఫీసు నంబరుకి వచ్చే కాల్స్‌ని మొబైల్‌కి మళ్లించమని ఆపరేటర్‌ని అడిగే పద్ధతి ముందే తెలిసి ఉండటం. ఆ ఫోన్ నంబరు, మీ ఖాతా నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

ఇన్‌స్టాల్ అయిపోయింది. ఇక సెక్యూరిటీకి ఏం చేయాలి?

ఇల్లు అలకగానే పండగ కాదు. అడ్మిన్ పేజీని ఇంటర్నెట్‌కి తెరవకండి. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్‌లో ఒక తీవ్రమైన లోపం బయటపడింది. అడ్మిన్ పేజీ బయటికి కనిపించే సర్వర్లలోకి పాస్‌వర్డ్ లేకుండానే చొరబడ్డారు. లోపల దాచుకున్నవాళ్లకి ఆ ప్రమాదం తగల్లేదు. ఇంటి నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (బయటివాళ్లకి కనబడని సొంత దారి) పెట్టుకోండి, అరగంట పని.

101 ఎక్స్‌టెన్షన్‌కి 101 పాస్‌వర్డ్ పెట్టిన సర్వర్, సిప్ వాడే 5060 పోర్టుతో బయట కనిపిస్తే, దొంగలకి అది తెలియడానికి ఎక్కువసేపు పట్టదు. శనివారం రాత్రి మొదలుపెట్టి సోమవారం పొద్దున దాకా మీ ఖర్చుతో విదేశాలకు కాల్స్ పోతాయి. ఐఎస్‌డీ అవసరం లేకపోతే ఆపరేటర్ దగ్గరే ఆపించేయండి. తప్పు పాస్‌వర్డ్‌తో పదేపదే ప్రయత్నించేవాళ్లని ఆపే ఫెయిల్2బ్యాన్, ఫ్రీపీబీఎక్స్ ఫైర్‌వాల్ రెండూ ఆన్‌లో ఉండాలి.

మెనూ తెలుగులో పలుకుతుందా?

పలుకుతుంది, గొంతు మనం ఇవ్వాలి. మీ ఆఫీసులోనే స్పష్టంగా మాట్లాడే ఒకరిని ఫ్యాన్ ఆపిన గదిలో కూర్చోబెట్టి రికార్డు చేయండి. ఫైలు 8 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో ఉండాలి. "దయచేసి నిరీక్షించండి" కంటే "ఒక్క నిమిషం ఆగండి, కలుపుతున్నాం" అంటే వినేవాళ్లు ఫోన్ పెట్టేయకుండా ఉంటారు.

పాత సర్వర్ నుంచి కొత్తదానికి ఎప్పుడు, ఎలా మారాలి?

శనివారం సాయంత్రం. వారం ముందే కొత్త మెషీన్ సిద్ధం చేసి, రెండు ఫోన్లు మాత్రం దానికి కలిపి వాడి చూడాలి. ఫ్రీపీబీఎక్స్ బ్యాకప్ మాడ్యూల్‌తో పాతదాని బ్యాకప్ తీసి, కొత్తదాంట్లో దించి, ఎక్స్‌టెన్షన్లు, మెనూలు, వాయిస్‌మెయిల్ వచ్చాయో లేదో ఒక్కొక్కటి సరిచూడాలి. బ్యాకప్ ఉందని తృప్తిపడి, ఒక్కసారైనా దాన్ని దించి చూడనివాళ్లు చాలామంది. దించి చూసిన రోజే అది బ్యాకప్.

డయల్ నియమాలు తప్పకుండా పరీక్షించండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నంబరు నుంచి మొబైల్‌కి చేసేటప్పుడు ముందు సున్నా ఉండాలి. సిబ్బంది సున్నా కొట్టకపోయినా సర్వరే చేర్చేలా రూటు రాయండి. 100, 101, 108, 112 లాంటి మూడంకెల నంబర్లు ఏ అడ్డూ లేకుండా బయటికి వెళ్లే రూటు ఉందో లేదో చూడండి. పెద్ద ఆఫీసుల్లో కూడా మర్చిపోయేది ఇదే.

మార్చాక పాత మెషీన్‌ని రెండు వారాలు అలాగే ఉంచండి, తీగలు మాత్రం తీసేయండి. రెండూ ఒకే ఐపీతో మేలుకుంటే ఫోన్లు ఎటు తిరగాలో తెలియక తికమకపడతాయి. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి సర్వర్ పెట్టినవాళ్లు రిసెప్షన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. మొదటి గంటలో వచ్చే కాల్స్ చూస్తేగానీ ఏ ఎక్స్‌టెన్షన్ పేరు తప్పుపడిందో, ఏ టేబుల్ ఫోన్ ఇంకా పాత ఐపీనే పట్టుకుని ఉందో తేలదు.